‘అక్కా.. నా పోస్టులు డిలీట్ చెయ్యాలా?’

2025 జూన్ చివరి వారం. డాలస్‌లో రాత్రి పదిన్నర. గుంటూరులో మర్నాడు పొద్దున తొమ్మిది. తమ్ముడి నుంచి వీడియో కాల్. మాస్టర్స్‌కి సీటొచ్చింది, వీసా ఇంటర్వ్యూకి రెడీ అవుతున్నాడు. లగేజీ గురించో, ఫీజు గురించో అడుగుతాడనుకున్నా.

‘అక్కా.. ఇన్‌స్టాలో నా పాత పోస్టులన్నీ డిలీట్ చెయ్యాలా?’ అన్నాడు.

వాడి భయానికి కారణం ఉంది. ఆ నెలలోనే అమెరికా విదేశాంగ శాఖ కొత్త రూల్ పెట్టింది. స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లను పబ్లిక్‌లో పెట్టాలి. అంతకు ముందు మార్చిలో, టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న టర్కీ అమ్మాయి రుమేసా ఓజ్‌టర్క్‌ని మాస్కులేసుకున్న అధికారులు రోడ్డు మీద అదుపులోకి తీసుకున్నారు. గాజా విషయంలో యూనివర్సిటీ తీరును తప్పుబడుతూ ఆమె మరికొందరితో కలిసి స్టూడెంట్ పేపర్‌లో వ్యాసం రాసింది. అందుకే పట్టుకున్నారని ఆమె లాయర్లు వాదించారు. ఆరు వారాల తర్వాత కోర్టు ఆదేశంతో బయటికొచ్చింది.

‘నీకేం కాదులేరా’ అనేశాను. ఫోన్ పెట్టేశాక నేను చేసిన పని మాత్రం వాడికి చెప్పలేదు.

నేనుండేది హెచ్‌-1బీ మీద. 2021 జనవరి 6న క్యాపిటల్ భవనం మీద జనం దాడి చేసినప్పుడు ట్విటర్‌లో ఒక పోస్ట్ పెట్టాను. తిట్లేం లేవు. ‘అమెరికా ప్రజాస్వామ్యం ఇంత బలహీనమా?’ అని రాశానంతే. ఆ రాత్రి దాన్ని వెతికి తీసేశాను.

తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నిద్ర పట్టనివ్వనిది అదే.

నిలబెట్టింది మనుషులే

నిజానికి అప్పట్లో ప్రజాస్వామ్యం ఎలా గట్టెక్కిందో గుర్తుందా? 2020 ఎన్నికల్లో ఓడిపోయాక ట్రంప్ జార్జియా రాష్ట్ర ఎన్నికల వ్యవహారాలు చూసే బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కి ఫోన్ చేసి, 11,780 ఓట్లు వెతకాలన్నారు. అక్కడ ఆయన ఓడిపోయింది 11,779 ఓట్ల తేడాతో. రాఫెన్స్‌పెర్గర్ ఒప్పుకోలేదు. ఫలితాన్ని అడ్డుకోమని వైస్ ప్రెసిడెంట్ మైక్ పెన్స్ మీద ఒత్తిడి తెచ్చారు. ఆయనా కాదన్నారు. ఇద్దరూ ట్రంప్ పార్టీ వాళ్లే! ట్రంప్ నియమించిన జడ్జిల్లోనూ కొందరు ఆయన తరఫు కేసులు కొట్టేశారు.

రాజ్యాంగం పుస్తకంలోంచి లేచొచ్చి ఎవర్నీ ఆపలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్లు ‘కుదరదు’ అన్నారు, అంతే.

మరి వచ్చేసారి ఆ కుర్చీల్లో ఎవరుంటారు? ఇప్పుడు చాలామంది భయం ఇదే. ఎదురుచెప్పిన లిజ్ చేనీ 2022లో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయారు. అధికారిక చర్యల విషయంలో అధ్యక్షుడికి క్రిమినల్ కేసుల నుంచి చాలావరకు రక్షణ ఉంటుందని 2024 జులై 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025 జనవరి 20న పదవిలోకి రాగానే ట్రంప్ క్యాపిటల్ దాడి కేసుల్లో దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టేశారు.

‘గెలిచాడు కదా!’

ఇక్కడ సిటిజన్‌షిప్ ఉన్న మా బావ ట్రంప్‌కే ఓటేశాడు. ‘312 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు. మీకు నచ్చకపోతే నియంత అనేస్తారా?’ అంటాడు. అందులో న్యాయం ఉంది. గెలిచినవాళ్లు పాలించాల్సిందే. కానీ గెలుపు హద్దులు చెరిపేసే లైసెన్స్ కాదు కదా?

1971లో ఇందిరాగాంధీ కూడా 352 సీట్లతో గెలిచారు. 1975లో ఎమర్జెన్సీ పెట్టారు. అప్పుడు మా నాన్న హైస్కూల్లో ఉన్నారు. తాతయ్య బడిపంతులు. ఆ 21 నెలలూ ఆయన టీకొట్టు దగ్గర రాజకీయాలు మాట్లాడటం మానేశారట. వద్దని ఆయనకీ ఎవరూ చెప్పలేదట! 1977లో జనం ఓటుతోనే జవాబు చెప్పారు.

అమెరికాలోనూ అందరూ నోరు మూసుకోలేదు. వీసా మీద ఉన్న నాలాంటి వాళ్లకు ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం లేకుండా చేసే ఆర్డర్‌ను మూడు రోజుల్లోనే సియాటిల్ జడ్జి జాన్ కఫెనౌర్ నిలిపేశారు. ఆయన్ని నియమించింది రీగన్, అంటే రిపబ్లికన్ అధ్యక్షుడే. 2025 జూన్ 14న ‘నో కింగ్స్’ అంటూ ఎన్నో ఊళ్లలో జనం రోడ్ల మీదికొచ్చారు. నేను వెళ్లలేదు. కిటికీలోంచి చూశాను.

తర్వాతి ఆదివారం తమ్ముడికి నిజం చెప్పేశాను. ‘నేనూ ఒకటి తీసేశానురా. తప్పు రాశానని కాదు, భయపడి.’

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘మరి నన్నేం చెయ్యమంటావ్?’

‘సీటు పోగొట్టుకోమని చెప్పలేను. నీ ఇష్టం. కానీ భయపడి తీసేస్తే, భయపడే తీసేశానని నీకు నువ్వు ఒప్పుకో. అది తెలివి అనుకోకు. అలా అనుకుంటే మళ్లీ రాయడం ఎప్పటికీ రాదు.’

ఇదంతా రాయడం నాకు అలా మొదలుపెట్టడమే.