తెల్లరాతి బుద్ధుడి తలలో ఇన్ని విశేషాలా!

మీకు తెలుసా? భద్రాద్రి రాముడికి గుడి కట్టించిన రామదాసు పుట్టిన ఊళ్లోనే బుద్ధుడికో మహాస్తూపం ఉంది! అదే ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. అక్కడి దిబ్బలు విరాటరాజు కోటవని జనం చెప్పుకునేవారు. తవ్వితే తెల్లరాతి బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. ఒకే ఊళ్లో విరాటరాజు, బుద్ధుడు, రామభక్తుడు! ఇంకే ఊరికుంది ఇంత భాగ్యం?

మీకు తెలుసా? పాలరాయిలా మెరిసే ఆ రాయి అసలు సున్నపురాయి! అలాంటి రాతితోనే చెక్కిన, బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలకు ‘అమరావతి మార్బుల్స్’ అనే పేరు స్థిరపడింది. అంత నునుపు మరి!

మీకు తెలుసా? బుద్ధుడి తల మీది ఉంగరాల ముంగురులన్నీ కుడివైపే తిరగాలి. మహాపురుషుడి 32 లక్షణాల్లో అదొకటి. సాగిన చెవులు రాకుమారుడిగా పెట్టుకున్న బరువైన కుండలాల గుర్తు. నగ పోయినా ఆనవాలు పోలేదు!

మీకు తెలుసా? మొదట్లో అమరావతి శిల్పులు బుద్ధుడి తలే చెక్కలేదు! పాదముద్రలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం... అంతే. బ్రిటిష్ మ్యూజియంలో ఓ అమరావతి పలక ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు అలాంటి చెక్కడం, వెనకవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దపు స్తూపం. రెండువైపులకూ మధ్య దాదాపు 300 ఏళ్లు!

మీకు తెలుసా? అమరావతి శిల్పాలు కొన్ని బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. ఏ గోడ మీద ఏ బుద్ధుడున్నాడో! తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మీకు తెలుసా? 1859లో మద్రాసు నుంచి 121 శిల్పాలు ఓడెక్కాయి. లండన్‌లో ఫైఫ్ హౌస్ గుర్రపుబండ్ల కొట్టంలో పడి ఉంటే 1867లో వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. బుద్ధుడు గుర్రపుబండ్ల కొట్టంలో! సిద్ధార్థుడి గుర్రం కంథకం ఒక్కటే తక్కువ!

మీకు తెలుసా? విగ్రహంలో మెడే సన్నం, అందుకే తలే ముందు విరుగుతుంది. మోసుకుపోవడమూ తేలిక. దొంగలకు పలకలూ బరువు కావు! ప్రకాశం జిల్లా చందవరంలో పోయిన శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో 5,95,000 అమెరికన్ డాలర్లకు కొంది. 2016లో మనకు తిరిగి ఇచ్చేసింది. హమ్మయ్య!

ఖమ్మం నుంచి భద్రాచలం బయల్దేరేవారూ, ముందు నేలకొండపల్లి వెళ్లి స్తూపం చూడండి. పొలంలో నాగలికి తెల్లరాతి ముక్క తగిలితే ఇంటికి తేకండి, పురావస్తు శాఖకు కబురు చేయండి.