విమానం నడిపేవారి ఒక రోజు

విశాఖపట్నంలో వుండే పిల్లలకు ఓడలూ కొత్తకాదు, విమానాలూ కొత్తకాదు. యారాడ కొండకూ సింహాచలం కొండలకూ మధ్య, సముద్రం వైపునుంచి వచ్చి విమానం కిందికి దిగుతూ వుంటే, వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి తలలెత్తి చూస్తారు. “నేను పెద్దవాణ్ణయితే పైలటునవుతాను!” అని ఎవడో ఒకడు అంటాడు.

పైలటు కావటానికి ఏం కావాలి? చాలామంది “ధైర్యం” అంటారు. ధైర్యం వుండవలసిందే. కాని విమానం నడపటంలో అంతకన్న ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, రోజూ చేసే పనే అయినా ప్రతిసారీ కొత్తగా చేస్తున్నంత శ్రద్ధతో చెయ్యటం. రెండోది, తప్పు కనిపిస్తే నోరు విప్పి చెప్పటం, ఎవరైనా చెబితే వినటం. ఇది ఎందుకో తెలియాలంటే, మనం కూడా ఒకరోజు వాళ్ళ వెంట వెళ్ళి చూడాలి.

హైదరాబాదునుంచి విశాఖకు తెల్లవారి ఆరుగంటలకు బయలుదేరే విమానం ఒకటి వున్నదనుకుందాం. దూరం ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. ప్రయాణం గంట, గంటంపావు. కాని ఆ విమానం నడిపేవారు రాత్రి మూడుగంటలకే లేస్తారు. ముందురోజు పెందలాడే పడుకుని వుంటారు కూడా. ఎందుకంటే, వాళ్ళు ఎన్ని గంటలు పనిచెయ్యవచ్చో, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకోవాలో చట్టం నిర్ణయించింది. నిద్ర చాలని మనిషి కళ్ళు తెరుచుకునే వున్నా, బుర్ర సగం మూసుకుని వుంటుంది. అందుచేత నిద్ర కూడా వాళ్ళ ఉద్యోగంలో భాగమే.

విమానాశ్రయం చేరగానే ఒక చిన్న పరీక్ష. ఒక యంత్రంలోకి ఊపిరి ఊదాలి. మద్యం తాలూకు ఛాయ కొంచెం కనిపించినా ఆ రోజు విమానం ఎక్కనివ్వరు. కెప్టెనుకూ మినహాయింపు లేదు.

తరువాత కాగితాలు. దారిలో మబ్బులెట్లా వున్నాయి, విశాఖలో గాలి ఎటువైపునుంచి వీస్తున్నది, ఎంత దూరం కంటికి ఆనుతుంది అన్న వివరాలన్నీ చూస్తారు. ఆపైన ఇంధనం లెక్క వేస్తారు. విమానానికి పోసేది మనింట్లో వాడిన కిరసనాయిలు జాతి నూనే. విశాఖ చేరటానికి చాలినంత పోస్తే సరిపోతుందా? సరిపోదు. గాలి ఎదురయితే కాస్త ఎక్కువ ఖర్చవుతుంది గనక కొంత అదనంగా పొయ్యాలి. విశాఖలో దిగటానికి వీలులేకపోతే మరో విమానాశ్రయానికి పోవాలి, అందుకు కొంత. అక్కడ కూడా ఆకాశంలో కాచుకోవలసివస్తే మరో 30 నిమిషాలకు చాలినంత. ఇదంతా కలిపితేనే లెక్క పూర్తయినట్టు. బయలుదేరకముందే, “దిగలేకపోతే ఏం చెయ్యాలి?” అన్న ప్రశ్నకు జవాబు ట్యాంకులో వుంటుందన్నమాట!

విమానంలో పైలట్లు ఇద్దరు. ఎడమ కుర్చీలో కెప్టెన్, కుడి కుర్చీలో కో-పైలటు. తలుపులు మూసే ముందు ఇద్దరిలో ఒకరు కిందికి దిగి విమానం చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. చక్రాల టైర్లు అరిగాయా, ఎక్కడైనా నూనె కారుతున్నదా, రెక్కకు సొట్ట పడిందా అని చూస్తారు. ముక్కు దగ్గర చిన్న గొట్టాలుంటాయి. వాటిలోకి దూరే గాలి ఒత్తిడినిబట్టి విమానం వేగం తెలుస్తుంది. అందులో ఒక కందిరీగ గూడు పెట్టినా చాలు, వేగం తప్పుగా చూపిస్తుంది. అందుకే ఆ గొట్టాలను ప్రత్యేకంగా చూస్తారు. నిన్న బాగానే వున్నాయి గదా అని ఊరుకోరు.

లోపలికి వచ్చాక ఒకరు ఒక పట్టీ చేతపట్టుకుని పైకి చదువుతారు. రెండోవారు ఒక్కొక్క మీటనూ చూసి జవాబు చెబుతారు. ఈ పట్టీని చెక్‌లిస్టు అంటారు. ఇరవై ఏళ్ళుగా విమానం నడిపినవాడికి ఇవన్నీ కంఠతా రావా? వస్తాయి. అయినా చదవవలసిందే. దాని వెనక ఒక కథ వున్నది.

1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ పట్టణం దగ్గర ఒక కొత్త విమానాన్ని పరీక్షించారు. బోయింగ్ కంపెనీ తయారుచేసిన ఆ విమానానికి నాలుగు ఇంజన్లు. నడుపుతున్నది సామాన్యుడు కాదు, ఆరితేరిన పైలటు. విమానం పైకి లేచి, నిటారుగా ఎగిసి, వెంటనే కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. విచారిస్తే ఇంజన్లలో లోపమేమీ లేదని తేలింది. విమానం నేలమీద వున్నప్పుడు గాలికి తోకభాగం ఊగకుండా ఒక గడియ వేస్తారు. బయలుదేరేముందు ఆ గడియ తియ్యటం మరిచారు, అంతే! అప్పుడు పైలట్లు ఆలోచించి, “ఇన్ని సంగతులు ఒక మనిషి జ్ఞాపకానికి వదలటం తప్పు,” అని చిన్న పట్టీలు రాసుకున్నారు. ఆ జాతి విమానాలే తరవాత వేలకొద్దీ తయారయి ఎగిరాయి. గొప్ప పైలటుకు కూడా మతిమరుపు వుంటుందని ఒప్పుకోవటంతోనే చెక్‌లిస్టు పుట్టింది.

ఈ లోపల ప్రయాణీకులు ఎక్కుతూ వుంటారు. వారిని నమస్కారం చేసి పిలిచే ఉద్యోగులను చూసి, వాళ్ళ పని కాఫీలూ ఫలహారాలూ అందించటమేననుకుంటారు చాలామంది. అది వాళ్ళ పనిలో చిన్న భాగం. విమానంలో పొగ వస్తే ఆర్పటం, ఎవరికైనా జబ్బు చేస్తే చికిత్స చెయ్యటం, ప్రమాదం వస్తే అందరినీ బయటికి పంపటం వాళ్ళ అసలు పని. పెద్ద విమానం కొత్తగా తయారయినప్పుడు, దాని తలుపుల్లో సగం మాత్రమే తెరిచి, అందరూ 90 సెకన్లలో బయటపడగలరని రుజువు చెయ్యాలి. ఆ 90 సెకన్లకోసం వీళ్ళు ఏటా అభ్యాసం చేస్తారు. మీరు ఎక్కగానే చిరునవ్వుతో చూసేటప్పుడే, ప్రమాదం వస్తే సాయం చెయ్యగల బలశాలి ఎవరు, సాయం కావలసిన ముసలివారెవరు అని కూడా గమనిస్తూ వుంటారు సుమా!

విమానం లేచింది. పదివేల అడుగుల ఎత్తు చేరేదాకా పైలట్లిద్దరూ పనికి సంబంధించని మాట ఒక్కటీ ఆడరు. మళ్ళీ దిగేటప్పుడూ అంతే. ఒకరు నడుపుతూ వుంటే రెండోవారు అన్ని ముళ్ళనూ కనిపెట్టి చూస్తూ వుంటారు. చాలా సంస్థల్లో ఇద్దరికీ ఒకే రకం భోజనం కూడా పెట్టరు. తిండి పడక జబ్బు చేస్తే ఇద్దరికీ ఒక్కసారే చెయ్యకూడదు గదా!

ఇక విశాఖ దగ్గరపడుతున్నది. ప్రయాణీకుల విమానాలు ఎన్నో ఏళ్ళుగా వాడుతూ వచ్చిన ఇక్కడి రన్‌వే మన నౌకాదళం వారిది. ఆ కేంద్రం పేరు ఐ.ఎన్.ఎస్. డేగా. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆగాలో రేడియోలో చెప్పేవారు నౌకాదళం ఉద్యోగులే. ఇక్కడి పెద్ద రన్‌వే పొడుగు 3 కిలోమీటర్లకు పైగా వుంటుంది. దాని ఒక చివర 10 అనీ, రెండో చివర 28 అనీ పెద్ద అంకెలు వేసి వుంటాయి. ఇవి దిక్సూచి లెక్కలు. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే తూర్పు 90 డిగ్రీలు, దక్షిణం 180, పడమర 270. 10 అంటే 100 డిగ్రీలు, అంటే తూర్పుకు కాస్త దక్షిణంగా అన్నమాట. 28 అంటే 280, పడమరకు కాస్త ఉత్తరంగా. రెండు అంకెలకూ తేడా 18 ఎందుకయిందో మీరే ఆలోచించి చెప్పండి!

ఒకవైపు సముద్రం, చుట్టూ కొండలు. చూడటానికి అందమే గాని, మబ్బు పట్టినప్పుడు పైలటుకు అది అందం కాదు. తుఫానులంటే విశాఖవాళ్ళకు వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విమానాశ్రయం పైకప్పు కూడా ఊడిపోయింది. విమానాలు కొన్ని రోజులపాటు ఆగిపోయాయి.

దిగటానికి ఒక నియమం వున్నది. ప్రతి విమానాశ్రయానికీ ఇంత ఎత్తు అని నిర్ణయించి వుంటుంది. అంత ఎత్తుకు దిగేసరికి రన్‌వే కంటికి కనిపించి తీరాలి. కనిపించకపోతే “ఇంకాస్త దిగి చూద్దాం” అనరాదు. వెంటనే ఇంజన్లకు బలమిచ్చి మళ్ళీ పైకి లేవాలి. దీన్ని గో అరౌండ్ అంటారు. అప్పుడు ప్రయాణీకులు గాభరా పడతారు. “ఈ పైలటుకు దింపటం చాతకాదు,” అని కొందరు విసుక్కుంటారు కూడా. నిజానికి అది చాతకానితనం కాదు. మంచి పైలటు చెయ్యవలసిన పనే అది.

అయితే నడిపేది కెప్టెన్, తప్పు గమనించినది చిన్నవాడయిన కో-పైలటు అనుకోండి. అప్పుడేమిటి?

మీ నాన్నగారు స్కూటరెక్కి, స్టాండు తియ్యటం మరిచి బయలుదేరబోతున్నారు. వెనక కూర్చున్న మీరేం చేస్తారు? “నాన్నా, స్టాండు!” అని అరుస్తారు. పెద్దవారికి నేను చెప్పటమేమిటని ఊరుకోరు. నాన్నగారు కూడా “నాకు చెప్పొచ్చావా?” అనరు. కాలితో స్టాండు పైకి తన్ని, “మంచిపని చేశావురా!” అంటారు.

ఇంత చిన్న సంగతి విమానాలలో జరగక ఘోరాలు జరిగాయి. 1977 మార్చి 27న స్పెయిన్ దేశానికి చెందిన టెనెరిఫ్ ద్వీపంలో దట్టంగా పొగమంచు పట్టింది. రన్‌వే మీద ఒక పెద్ద విమానం వుండగానే మరో పెద్ద విమానం పరుగు ప్రారంభించింది. రెండో విమానంలోని ఇంజనీరుకు అనుమానం వచ్చి, ముందున్న విమానం తప్పుకున్నదా అని అడిగాడు. కెప్టెన్ చాలా పెద్దవాడు, ఇతరులకు నేర్పేవాడు. తప్పుకున్నదన్నాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు.

మన దేశంలోనే 2010 మే 22న, దుబాయినుంచి వచ్చిన విమానం మంగుళూరులో రన్‌వే దాటి లోయలో పడిపోయింది. 158 మంది చనిపోయారు. 8 మంది బతికారు. వద్దు, మళ్ళీ పైకి లేపమని కో-పైలటు మూడుసార్లు చెప్పాడనీ, కెప్టెన్ వినలేదనీ విచారణలో తేలింది. చెప్పటం ఒక్కటే చాలదు, వినేవారుండాలి.

టెనెరిఫ్ ప్రమాదం తరవాత ప్రపంచమంతటా పైలట్ల చదువులో ఒక కొత్త పాఠం చేర్చారు. పెద్దవారికి తప్పు ఎట్లా చెప్పాలి, చిన్నవారు చెబితే ఎట్లా వినాలి అన్నదే ఆ పాఠం. బొమ్మవిమానం లాటి యంత్రంలో కూర్చోబెట్టి, ఇంజను చెడినట్టూ, మంటలు పుట్టినట్టూ కల్పించి, పైలట్లను మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తారు. కెప్టెన్ అయినంత మాత్రాన పరీక్షలు పోవు. ఉద్యోగం వదిలేదాకా వుంటాయి!

ఈ ఉద్యోగం మగవాళ్ళకే అనుకోకండి. 1947లో పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అనే ఆమెను, ఆడమనిషని ఎన్నో విమాన కంపెనీలు కాదన్నాయి. చివరకు హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ వారు ఆమెను కో-పైలటుగా తీసుకున్నారు. 1949లో ఆమె జాతీయ వైమానిక పందెంలో గెలిచింది. ఈనాడు మన దేశపు పైలట్లలో స్త్రీల పాలు ప్రపంచపు సగటుకన్న బాగా ఎక్కువ.

మన విమానం విశాఖలో దిగింది. ప్రయాణీకులు పెట్టెలు తీసుకుని వెళ్ళిపోయారు. పైలట్లు మాత్రం ఇంకా కూర్చునే వున్నారు. దారిలో ఏ దీపం వెలగలేదో, ఏ ముల్లు కాస్త తడబడ్డదో పుస్తకంలో రాస్తున్నారు. అది బాగుచేసిందాకా మరో పైలటు మోసపోకూడదు గదా! అరగంటలో మళ్ళీ హైదరాబాదుకు ప్రయాణం. కో-పైలటు కిందికి దిగి మళ్ళీ ప్రదక్షిణం మొదలుపెడతాడు. ఇందాక చూసిన టైర్లే, ఇందాక చూసిన గొట్టాలే. అయినా వంగి చూస్తాడు.

మీరు కూడా రేపు బడికి పోయేముందు ఒక చిన్న పట్టీ రాసుకుని చూడండి: పలక, పెన్ను, లెక్కల పుస్తకం, నీళ్ళ సీసా. తమ్ముణ్ణో, చెల్లెల్నో చదవమని, మీరు ఒక్కొక్కటీ చూసి జవాబు చెప్పండి. “అన్నయ్యా, పెన్ను లేదు!” అని చెల్లెలు అంటే మాత్రం కోప్పడకండి. కెప్టెన్లు కోప్పడరు.