పాట ఖాళీల్లో మాట: జమైకా డీజే యూ-రాయ్

డీజే అంటే పెళ్లి ఊరేగింపులో పాటలు పెట్టేవాడని మన ఇళ్లలో అనుకుంటాం. జమైకాలో ఆ పని చేసేవాడు సెలెక్టర్. పాట మీద లయకు తగ్గట్టు మాటలు అల్లేవాడు డీజే. రెగేలో ఆ విద్యకు పెద్దదిక్కు యూ-రాయ్.

అసలు పేరు యూవర్ట్ బెక్‌ఫర్డ్. 1942లో కింగ్‌స్టన్‌లో పుట్టారు. ఇంట్లో చిన్నవాళ్లకు నోరు తిరగక యూ-రాయ్ అయ్యారు. వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే సౌండ్ సిస్టమ్‌లే అక్కడి బీదసాదల కచేరీలు. రేడియోలు బాగుచేసే కింగ్ టబ్బీ రికార్డులోంచి గాయకుడి గొంతు అక్కడక్కడా తీసేసేవాడు. ఆ ఖాళీల్లో యూ-రాయ్ మాట పడేది. 1970లో డ్యూక్ రీడ్ దగ్గర చేసిన మూడు రికార్డులు జమైకా జాబితాలో పై మూడు స్థానాలూ పట్టాయి.

ఆయన మాట్లాడింది బడి ఇంగ్లిషు కాదు, ఇంటి పాట్వా. చదువుకున్నవాళ్లు దాన్ని పాడైన ఇంగ్లిషు అనేవారు. ‘మీది కలగాపులగం తెలుగు’ అని చుట్టాలచేత అనిపించుకున్న మనకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. ఆ భాషే రికార్డుకెక్కి అమ్ముడుపోయింది.

1978లో సొంత సౌండ్ సిస్టమ్ స్టర్-గావ్ పెట్టారు. జోసీ వేల్స్, చార్లీ చాప్లిన్ (సినిమా చాప్లిన్ కాదు) అక్కడే రాటుదేలారు. 2007లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ డిస్టింక్షన్ ఇచ్చింది. 2021 ఫిబ్రవరి 17న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు.