గాజు పోగులో రేడియో

మొన్న వైవాలో "ఫైబర్‌లో ఏం వెళ్తుంది?" అని అడిగారు. "ఒకట్లు, సున్నాలు సార్" అని ఠక్కున చెప్పేశాను. "మరి కేబుల్ టీవీ సంగతేంటి?" అన్నారు. నోరు పెగల్లేదు. మార్కులు పోతే పోయాయి గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

చాలా ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ ఆఫీసు నుంచి వీధిలో స్తంభానికుండే నోడ్ పెట్టె దాకా వచ్చేది ఫైబరే. అందులో టీవీ ఛానళ్ల రేడియో సిగ్నల్ ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది. లేజర్‌ని ఆర్పి వెలిగించడం అంటూ ఉండదు, అది వెలుగుతూనే ఉంటుంది. దానికిచ్చే కరెంటుకి రేడియో సిగ్నల్‌ని కలుపుతారు. సిగ్నల్ పెరిగితే వెలుగు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అవతల ఫోటోడయోడ్ ఆ వెలుగుని మళ్లీ కరెంటు చేస్తుంది. ఆర్‌ఎఫ్ ఓవర్ ఫైబర్ అంటే ఇంతే.

ఇంత తతంగం ఎందుకంటే, రాగి సిగ్నల్‌ని మింగేస్తుంది. మంచి కోయాక్సియల్ కేబుల్‌లో కూడా 1 గిగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకే 13, 14 డీబీ పోతుంది. ఫైబర్‌లో 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి పోయేది 0.35 డీబీ. అంటే 20 కిలోమీటర్లకి 7 డీబీ అనుకుని మళ్లీ బోల్తా పడ్డాను. ఫోటోడయోడ్ కరెంటు వెలుగు పవర్‌ని బట్టి ఉంటుంది, ఎలక్ట్రికల్ పవరేమో ఆ కరెంటు వర్గాన్ని బట్టి. కాబట్టి వెలుగులో 1 డీబీ పోతే రేడియో సిగ్నల్‌లో 2 డీబీ పోయినట్టు. మొత్తం 14. అయినా సరే, రాగిలో 100 మీటర్లకి పోయేది గాజులో 20 కిలోమీటర్లకి పోతోంది! (మార్పిడి దగ్గర పోయేది వేరే ఉంది, అది తక్కువేం కాదు. అందుకే లేజర్‌కి ముందే ఆంప్లిఫయర్ పెడతారు.)

నాకు బాగా నచ్చిన ఉదాహరణ పుణెకి ఉత్తరాన, నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్. 45 మీటర్ల వ్యాసం ఉన్న డిష్‌లు 30, సుమారు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ప్రతి డిష్ సిగ్నలూ ఫైబర్ మీద అనలాగ్‌గానే మధ్యలోని భవనానికి చేరుతుంది. మొదట్లో ఫ్రీక్వెన్సీ తగ్గించి పంపేవారు, అప్‌గ్రేడ్ తర్వాత ఆర్‌ఎఫ్‌నే నేరుగా పంపుతున్నారు.

డిష్ దగ్గరే డిజిటల్ చేసేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కానీ ఆ క్లాకులు, కన్వర్టర్లే రేడియో గోల పుట్టిస్తాయి. గుసగుస వినడానికి కూర్చున్నవాడి చెవి దగ్గర మిక్సీ వేసినట్టు! గాజుకి ఆ గోల అంటదు, అది పిడుగు కరెంటునీ మోయదు.

అయితే గాజుకీ ఒక జబ్బుంది, వేడి. ఒక్క డిగ్రీ పెరిగితే కిలోమీటరుకి సుమారు 37 పికోసెకన్ల ఆలస్యం. 20 కిలోమీటర్లకి 740. హైడ్రోజన్ పలికే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆవృత్తి 704 పికోసెకన్లే! అంటే ఒక్క డిగ్రీకి తరంగం మొత్తం ఒక చుట్టు జారిపోతుంది. ఏ డిష్‌కి తరంగం ఎప్పుడు తగిలిందో పోల్చుకునే కదా ఈ టెలిస్కోప్ బొమ్మ గీసేది! అందుకే ఇలాంటి చోట్ల ఫైబర్‌ని భూమిలో పాతిపెడతారు, పగటి ఎండ అంత లోతుకి త్వరగా దిగదు. ఇంకా మిగిలిన తేడా కోసం, స్థానం కచ్చితంగా తెలిసిన రేడియో మూలం వైపు డిష్‌లన్నీ తిప్పి మధ్యమధ్యలో సరిచూసుకుంటారు.