వద్దన్న ఆలోచనే ఎందుకొస్తుంది?
‘తప్పు చేయకూడదు’ అని ఆటగాళ్లు తమకు తాము చెప్పుకోవడం మామూలే. చిక్కంతా అక్కడే. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది! ఆలోచన వచ్చిందా లేదా అని మనసు కాపలా కాస్తుంది, ఆ కాపలాయే దాన్ని పిలుచుకొస్తుందని ఆయన వివరణ. 1998లో ఆయన బృందం గోల్ఫ్‌లోనూ దీన్ని పరీక్షించింది. బంతిని గురి దాటించొద్దని చెప్పి, అదే సమయంలో ఒక సంఖ్యను గుర్తుంచుకోమంటే, బంతి గురి దాటి పోయేది. ఒత్తిడిలో ‘వద్దు’ అన్నదే జరిగిందన్నమాట.

అందుకే తప్పు చేస్తామన్న భయాన్ని తరమడం మాని, దాన్ని ఉండనిచ్చి పని చేసుకోవడమే మేలనిపిస్తుంది. షూటింగ్‌నే తీసుకోండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చివరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమంగా ఉన్న అభినవ్ బింద్రా 10.8 కొట్టి స్వర్ణం గెలిచాడు. గుండె దడదడలాడినా శ్వాస, గురి, ట్రిగ్గర్ మీద వేలు మన చేతిలోనివే. ఇది చేతులెత్తేయడం కాదా అనొచ్చు. కాదు, వదిలేది ఆలోచనతో కుస్తీనే, ఆటను కాదు. ప్రయోగశాల వేరు, ఫైనల్ వేరు అన్న అభ్యంతరంలో మాత్రం కొంత నిజముంది. ప్రతి భయాన్నీ పక్కన పెట్టేయడమూ కుదరదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చినప్పుడు జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ పలు పోటీల నుంచి తప్పుకుంది. అక్కడ పట్టుదలకు పోతే మెడ విరిగే ప్రమాదం ఉండేది.