మంచం పడితేనే బీమా

క్యాన్సర్ చికిత్స ఆస్పత్రి వార్డు దాటి ఇంటి అలమారాలోని మాత్రల డబ్బాలోకి వచ్చింది. పాలసీ నిబంధనలు మాత్రం ఇంకా వార్డు గుమ్మం దగ్గరే ఆగాయి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు పని వెతుక్కుంటూ ఈ లైను పొడవునా స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రంగా ఉన్న ఈ ఊళ్లో క్యాన్సర్ చికిత్స భారం చివరికి ఒక్క ప్రశ్న మీద తేలుతుంది: రైల్వే కార్డు ఉందా, లేదా?

కార్డు ఉన్న రిటైర్డ్ ఉద్యోగికి కొంత ధీమా. 1997 నాటి వైద్య పథకం కింద పదవీ విరమణ వేళ ఒకసారి డబ్బు కడితే భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం రైల్వే వైద్యం అందుతుంది. వార్డులో చేరినా, ఓపీలో చూపించుకుని మందులు తెచ్చుకున్నా పథకం వర్తిస్తుంది. అదే ఇంట్లో ప్రైవేటు ఉద్యోగమో, చిన్న దుకాణమో చేసుకుంటున్న కొడుకు ఆ కార్డులోకి రాడు. అతనికి ఆధారం ఏటా ప్రీమియం కట్టే మెడిక్లెయిం పాలసీయే.

చిక్కంతా అక్కడే ఉంది. కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలన్నది మెడిక్లెయిం మూల సూత్రం. సెలైన్ బాటిల్‌తో ఎక్కించే కీమోథెరపీకి, రేడియేషన్‌కు 'డే కేర్' పేరిట మినహాయింపు దొరికింది. ఇంట్లో మంచినీళ్లతో మింగే మాత్రకు మాత్రం చాలాకాలం దారే లేకపోయింది.

వైద్యం అలా ఆగిపోలేదు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ వల్ల ఒక రకం రక్త క్యాన్సర్ రోగులు రోజువారీ మాత్రతో ఏళ్ల తరబడి పనిపాటలు చేసుకోగలుగుతున్నారు. నోవార్టిస్ అమ్మిన గ్లివెక్ నెలకు లక్ష రూపాయలు దాటితే, దేశీయ జెనరిక్ రూ. 10 వేల లోపే దొరికేది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ వాదనను తోసిపుచ్చడంతో చవక మందుకు అడ్డు తొలగింది. ఇక రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మాత్రలు 5 నుంచి 10 ఏళ్లు వాడాల్సి రావచ్చు. ఈ రోగులు మంచం పట్టకుండా చూడటమే ఆ మందుల లక్ష్యం. బీమా అడిగేది మాత్రం మంచాన్నే.

2019 సెప్టెంబర్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక అడుగు వేసింది. నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ, ఇమ్యునోథెరపీ సహా 12 ఆధునిక చికిత్సలను పాలసీల నుంచి మినహాయించరాదని ఆదేశించింది. పాత పాలసీలకూ 2020 అక్టోబర్ నుంచి ఇది వర్తించింది. అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ చికిత్సలకు కంపెనీలు ఉప పరిమితి పెట్టుకోవచ్చు. రెండోది, చికిత్స ఇన్‌పేషెంట్‌గానో, డే కేర్‌లోనో, 'ఇంటి వద్ద ఆస్పత్రి' నిబంధన కిందో జరగాలి. కదల్లేని స్థితిలో ఉన్నవారి కోసం ఉద్దేశించిన ఆ చివరి నిబంధన, మాత్ర వేసుకుని పనికి వెళ్లే మనిషికి అతకదు. పైగా హార్మోన్ మాత్ర కీమోథెరపీ కాదన్న వాదన ఉండనే ఉంది.

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పేద కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు రక్షణ ఇస్తుంది. కీమోథెరపీ ప్యాకేజీలూ అందులో ఉన్నాయి. కానీ ఓపీ ఖర్చు దాని పరిధిలో లేదు. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని గనియారీలో ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు స్థాపించిన జన్ స్వాస్థ్య సహయోగ్ తక్కువ ఖర్చుతో క్యాన్సర్‌కూ వైద్యం చేస్తోంది. ముంబై టాటా ఆస్పత్రికి వెళ్లే రోగికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. ప్రయాణానికి దొరికే ఆ ఊరట, తిరిగొచ్చాక ప్రతి నెలా కొనే మందుకు దొరకదు.

కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడు మొత్తం బీమా ఎంతని చూస్తే చాలదు. నోటి కీమోకు పరిమితి ఎంత, ఓపీ మందులు కలుస్తాయా, డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల ఖర్చు ఇస్తారు అన్నవీ అడగాలి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ గడువు మూడేళ్లు మించరాదని 2024లో నిబంధన వచ్చింది. క్లెయిం తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని మొదట కంపెనీకే ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఛత్తీస్‌గఢ్ వాసులకు ఆ కార్యాలయం భోపాల్‌లో ఉంది. పైసా రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. డాక్టర్ చీటీ, మందుల బిల్లు ఒక్కటీ పారేయకుండా దాచుకోవడమే ఆ పోరాటంలో రోగికున్న బలం.