రిపోర్ట్ సర్వర్ స్లో అయిందా? కొత్త ర్యామ్ కొనేముందు ఈ సెట్టింగ్స్ చూడండి

ఫోన్‌లో ర్యామ్ నిండిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. వెనకాల ఉన్న యాప్‌లని ఆండ్రాయిడ్ ఒక్కొక్కటిగా మూసేస్తుంది. ఆఫీసుల్లో వాడే రిపోర్ట్ సర్వర్ కథ కూడా దాదాపు ఇంతే. కాకపోతే ఇక్కడ ఆగిపోయేది గేమ్ కాదు, ఎవరో ఎదురుచూస్తున్న లెక్క.

నేను ఉండేది వైజాగ్‌లో. పోర్టు, స్టీల్ ప్లాంట్ రెండూ రాత్రీ పగలూ నడిచే ఊరు ఇది. ఇలాంటి చోట షిఫ్ట్ మారే టైమ్‌కి అందరూ ఒకేసారి రిపోర్ట్ ఓపెన్ చేస్తారు. ఉదాహరణకి ఒక బొగ్గు ఓడ బెర్త్‌లో ఉందనుకోండి. ఇంకా ఎంత సరుకు దిగాలి, యార్డులో ఎంత చోటు మిగిలింది అనే లెక్క సూపర్‌వైజర్‌కి కావాలి. ఒప్పుకున్న టైమ్ దాటి ఓడ నిలబడితే డెమరేజ్ పడుతుంది. కాబట్టి రిపోర్ట్ లేటుగా వచ్చినా నష్టమే, త్వరగా వచ్చి పాత లెక్క చూపించినా నష్టమే. సెట్టింగ్స్ అన్నీ ఈ రెండిటి మధ్య బ్యాలెన్స్ కోసమే. మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్ (ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్) ఆధారంగా చూద్దాం.

ముందు ఎక్కడ ఆగుతోందో కనుక్కోండి

రిపోర్ట్ సర్వర్ డేటాబేస్‌లో ఎగ్జిక్యూషన్‌లాగ్3 అనే వ్యూ ఉంటుంది. నడిచిన ప్రతి రిపోర్ట్‌కీ మూడు టైమ్‌లు మిల్లీసెకన్లలో రాసి ఉంటాయి: డేటా తేవడానికి, ప్రాసెస్ చేయడానికి, పేజీగా తయారు చేయడానికి పట్టిన టైమ్. మామూలుగా 60 రోజుల లాగ్ దొరుకుతుంది.

మొదటిది ఎక్కువ ఉంటే తప్పు క్వెరీది. ఇండెక్స్ చూసుకోవాలి, ర్యామ్ పెంచినా పెద్దగా లాభం ఉండదు. రెండోది ఎక్కువైతే రిపోర్ట్‌లో గ్రూపింగ్‌లు, లెక్కలు బరువైపోయాయని అర్థం. మూడోది ఎక్కువైతే ఎవరో పెద్ద రిపోర్ట్‌ని ఎక్సెల్‌కో పీడీఎఫ్‌కో ఎక్స్‌పోర్ట్ చేస్తూ ఉండొచ్చు.

మెమరీ సెట్టింగ్స్

ఇవి ఆర్‌ఎస్‌రిపోర్ట్‌సర్వర్ డాట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటాయి. మార్చే ముందు ఫైల్ కాపీ ఒకటి తీసి పెట్టుకోండి.

వర్కింగ్‌సెట్‌మ్యాగ్జిమమ్: సర్వర్ వాడుకోగలిగే మెమరీకి పై హద్దు. మామూలుగా ఈ లైన్ ఫైల్‌లో ఉండదు, మనమే రాయాలి. రాయకపోతే మెషీన్‌లో ఉన్న మెమరీ అంతా తనదే అనుకుంటుంది. విలువ కిలోబైట్లలో ఇవ్వాలి. 8 జీబీ అంటే 83,88,608 (ఫైల్‌లో కామాలు లేకుండా రాయండి).

మెమరీసేఫ్టీమార్జిన్: డిఫాల్ట్ 80. వాడకం ఈ శాతం దాటితే ఒత్తిడి మొదలైందని సర్వర్ జాగ్రత్త పడుతుంది.

మెమరీథ్రెషోల్డ్: డిఫాల్ట్ 90. ఇది దాటితే కొత్త రిక్వెస్టులు తీసుకోదు, నడుస్తున్నవి నెమ్మదిస్తాయి. షిఫ్ట్ మారే టైమ్‌లో కనిపించే 503 ఎర్రర్‌కి ఇదొక కారణం.

డేటాబేస్ కూడా అదే మెషీన్‌లో ఉంటే రెండూ ఒకే ర్యామ్ కోసం కొట్టుకుంటాయి. అప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి కూడా మ్యాక్స్ సర్వర్ మెమరీ పెట్టాల్సిందే. ఇక మ్యాక్స్‌యాక్టివ్‌రెక్‌ఫర్‌వన్‌యూజర్ డిఫాల్ట్ 20. అంటే ఒక యూజర్ పేరు మీద ఒకేసారి 20 రిక్వెస్టులే. ఆఫీస్ మొత్తం ఒకే లాగిన్ వాడితే ఇక్కడే ఆగిపోతారు.

అసలు తేడా పబ్లిషింగ్‌లో ఉంది

నలభై మంది ఒకే రిపోర్ట్ తెరిస్తే క్వెరీ నలభై సార్లు నడవాలా? అక్కర్లేదు. మన దగ్గర నాలుగు దారులున్నాయి.

లైవ్: తెరిచిన ప్రతిసారీ క్వెరీ నడుస్తుంది. నిమిషం నిమిషం మారే లెక్కలకి మాత్రమే పెట్టండి.

కాష్: మొదట తెరిచినవాళ్లకి టైమ్ పడుతుంది. మీరు పెట్టిన నిమిషాలు అయ్యేదాకా మిగతావాళ్లకి అదే కాపీ వెళ్తుంది. పారామీటర్ మారితే కాపీ కూడా వేరే.

స్నాప్‌షాట్: చెప్పిన టైమ్‌కి సర్వరే రిపోర్ట్ నడిపి దాచిపెడుతుంది. ఉదయం 6 గంటల షిఫ్ట్‌కి 5:45 స్నాప్‌షాట్ చక్కగా సరిపోతుంది. క్వెరీకి వెళ్లే పారామీటర్లు ముందే ఫిక్స్ చేయాలి.

సబ్‌స్క్రిప్షన్: రిపోర్ట్ మెయిల్‌కో ఫోల్డర్‌కో వెళ్లిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ఆగి ఉంటే షెడ్యూల్ కూడా ఆగిపోతుంది, ఇది చాలామంది చెక్ చేయరు.

కాష్, స్నాప్‌షాట్, సబ్‌స్క్రిప్షన్ మూడింటికీ డేటా సోర్స్ పాస్‌వర్డ్ సర్వర్‌లో సేవ్ అయి ఉండాలి. తెల్లవారుజామున సర్వర్ ఎవరిని అడుగుతుంది మరి! అన్ని షెడ్యూల్స్‌నీ ఒకే నిమిషానికి పెట్టకండి. అయిదేసి నిమిషాలు తేడా ఇస్తే సర్వర్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ ఒక్కటి మర్చిపోవద్దు

స్నాప్‌షాట్ చూడటానికి అచ్చం లైవ్ రిపోర్ట్ లాగే ఉంటుంది. 5:45 లెక్కని 9 గంటలకి చూసినవాళ్లు అది ఇప్పటిదే అనుకుంటారు. ఈలోగా యార్డు నిండిపోయి ఉండొచ్చు. అందుకే రిపోర్ట్ పైభాగంలో ఎగ్జిక్యూషన్‌టైమ్ అనే బిల్టిన్ ఫీల్డ్ పెట్టండి, పెద్ద అక్షరాల్లో. స్నాప్‌షాట్ తీసిన అసలు టైమ్ అక్కడ కనిపిస్తుంది. ఒక్క నిమిషం పని, కానీ స్పీడ్ కోసం మనం వదులుకున్నదేంటో చదివేవాళ్లకి నిజాయితీగా చెప్పేది అదే.

మీ ల్యాప్‌టాప్‌లో ట్రై చేయాలంటే డెవలపర్ ఎడిషన్ ఉచితం, నేర్చుకోవడానికి ఫీచర్లన్నీ ఉంటాయి. ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌లో 2022 వెర్షనే చివరిది, ఇకమీదట దాని స్థానం పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్‌ది. పేజీ రిపోర్టుల విషయంలో పైన చెప్పిన ఆలోచన అక్కడా పనికొస్తుంది. ముందు లాగ్ చూడండి, తర్వాత ఏ రిపోర్ట్ ఎంత తాజాగా ఉండాలో వాడేవాళ్లనే అడగండి. ర్యామ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.